కచేరీ టేపుని దిద్దకండి

ఆస్ట్రేలియా రాక్ బ్యాండు కింగ్ గిజర్డ్ అండ్ ద లిజర్డ్ విజర్డ్ వాళ్ళ 27వ ఆల్బమ్ ‘ఫాంటమ్ ఐలండ్’ 2025 జూన్‌లో వచ్చింది. పది పాటలు. అంతకుముందు ఏడాది ఆగస్టులో వచ్చిన ‘ఫ్లైట్ బి741’ కోసం వాయిస్తున్నప్పుడు పుట్టి, అందులో ఇమడక పక్కన ఉండిపోయినవి. వాటికి చాడ్ కెల్లీ చేత ఆర్కెస్ట్రా భాగాలు రాయించి కొత్తగా కట్టారు. ఆ మే, జూన్ నెలల్లోనే ఈ మెల్‌బోర్న్ బ్యాండు యూరప్‌లో ఊరికి మూడేసి రాత్రులు వాయించింది. ఆ కచేరీల రికార్డింగులు కూడా పాటలు అమ్మే సైటు బాండ్‌క్యాంప్‌లో వరసగా పడ్డాయి.

రివ్యూలు చదివితే అసలు సరుకు ఆల్బమే, కచేరీ రికార్డింగులు అభిమానులకి వేసిన కొసరు అనిపిస్తుంది. నా లెక్క వేరు. ఇలాంటి బ్యాండు విషయంలో ఆల్బమ్ అంటే పాట ఒక రోజున ఉన్న తీరు, అంతే. ఆ పాటకి ఎంత బలం ఉందో తేలేది రాత్రి తర్వాత రాత్రి దాన్ని ఎలా మోశారో విన్నప్పుడు. అందుకు ఒక షరతు ఉంది. రికార్డింగులో శబ్దాన్ని ఎంతైనా బాగుచెయ్యొచ్చు గానీ వాయింపుని ముట్టుకోకూడదు.

పద్యనాటకాలు చూసినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. పాత 78 ఆర్‌పీఎం ప్లేటుకి ఒక్కో పక్క మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. స్టేజీ మీద అదే పద్యం ఎత్తుకుంటే రాగం ఎటు పోతుందో, ఎంతసేపు పోతుందో ఆ రాత్రిని బట్టి, ముందు కూర్చున్న జనాన్ని బట్టి. వన్స్‌మోర్ కొడితే మళ్ళీ మొదటికి. రెండోసారి పాడింది మొదటిసారిలా ఉండేది కాదు. ప్లేటు ఒక్కటే విన్నవాళ్ళకి పద్యం తెలుసు, నటుడు తెలియదు.

బోర్డులోంచి వచ్చేది సగమే

సౌండ్‌బోర్డ్ రికార్డింగ్ అన్న మాట కనబడగానే మేలురకం అనుకోవడం అలవాటైపోయింది. సౌండ్‌బోర్డ్ అంటే అన్ని మైకుల శబ్దాన్నీ కలిపి స్పీకర్లకి పంపే మిక్సరే. దాన్నుంచి నేరుగా రెండు ఛానళ్ళు లాగితే ఏమొస్తుందో చూడండి. 300 మంది పట్టే హాలు. గిటార్ యాంప్లు స్టేజీ మీదే గట్టిగా మోగుతుంటాయి, డ్రమ్స్ సంగతి సరేసరి. సౌండ్ ఇంజినీరు వాటిని స్పీకర్లలోకి పెద్దగా పంపడు, పంపాల్సిన పనీ లేదు. గొంతు ఒక్కటే ఆ మోతలో వినబడదు కాబట్టి దాన్ని పైకి లేపుతాడు. కొంచెం కిక్ డ్రమ్, కొంచెం కీబోర్డు కలుపుతాడు. హాల్లో నిలబడ్డవాళ్ళకి అన్నీ కలిసి సమంగా వినిపిస్తాయి. టేపులో మాత్రం గొంతు చెవి పక్కనే ఉంటుంది, గిటార్ ఎక్కడో పక్కవీధిలో మోగుతున్నట్టుంటుంది.

ఇంజినీరు చేసిన తప్పేమీ లేదు. ఆ మిక్స్ హాల్లో తక్కువైనదాన్ని పూడ్చడానికి చేసింది. హాలుని తీసేసి పూడ్చిన భాగం ఒక్కటే వింటే అలాగే ఉంటుంది. హాలు పెద్దదయ్యేకొద్దీ అన్నీ స్పీకర్లలోంచే రావాలి కాబట్టి బోర్డు టేపు కూడా బాగుపడుతుంది. పదిహేను వేల మంది ఉన్న మైదానం నుంచి వచ్చిన బోర్డు టేపు చిన్న క్లబ్బు టేపు కన్నా బాగుండటానికి కారణం ఇదే.

అమెరికా రాక్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానులు ఇప్పటికీ ‘బెట్టీ బోర్డ్స్’ని నెత్తిన పెట్టుకోవడానికీ ఇదే కారణం. 1970లలో ఆ బ్యాండు కచేరీలు రికార్డు చేసిన ఇంజినీరు బెట్టీ కాంటర్ జాక్సన్ ఆ టేపుల కోసం హాలు మిక్స్‌తో సంబంధం లేకుండా వేరే మిక్స్ చేసుకునేది. 1977 మే 8న కార్నెల్‌లో జరిగిన కచేరీ టేపు వాటిలోదే. అవి 1986లో ఒక స్టోరేజీ వేలంలో పోయి, చేతులు మారి జనంలోకి వచ్చాయి. ఆవిడ చెవి గొప్పది, సందేహం లేదు. కానీ రికార్డింగుకి విడిగా మిక్స్ కావాలన్న ఆలోచనే సగం పని చేసింది.

ఇప్పుడు డిజిటల్ మిక్సర్లు వచ్చాక ఆ పని తేలికైంది. ఒక్కో మైకుని ఒక్కో ట్రాక్‌లోకి పట్టి, మర్నాడు తీరిగ్గా మిక్స్ చేసుకోవచ్చు. 32 ఛానళ్ళు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు అయితే సెకనుకి 4.6 మెగాబైట్లు, గంటకి 16.6 గిగాబైట్లు. మూడు గంటల కచేరీకి 50 గిగాబైట్లు ఖాళీ ఉండాలి. 64 గిగాబైట్ల డ్రైవు చాలు కదా అని పెట్టి, సౌండ్‌చెక్ రికార్డింగు చెరపడం మర్చిపోతే చివరి అరగంట పోతుంది. అసలైన పాటలు పడేది ఆ అరగంటలోనే.

ఇంకో చోట కూడా దెబ్బ తగులుతుంది. చాలా మిక్సర్లలో రికార్డింగుకి వెళ్ళే సిగ్నల్ గెయిన్ (మైకు శబ్దాన్ని మొదట పెంచే మీట) తర్వాత, ఫేడర్‌కి (స్పీకర్లలో మోత హెచ్చుతగ్గులు చేసే జారుడు మీట) ముందు నుంచి పోతుంది. పాట మధ్యలో ఇంజినీరు గెయిన్ తిప్పితే ఆ తిప్పుడు రికార్డింగులో మెట్టులా పడుతుంది. గెయిన్ సౌండ్‌చెక్‌లోనే పెట్టేసి, తర్వాత ఏం కావాలన్నా ఫేడర్‌తోనే చేస్తానని అతను ముందే ఒప్పుకోవాలి. పీక్‌లు మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టుకుంటే మంచిది. ఖాళీ హాల్లో మెల్లగా పాడిన గాయకుడు జనం ముందుకి రాగానే ఆరు డెసిబెల్స్ పైకి వెళ్ళడం మామూలే. ఎంత పెద్ద శబ్దాన్నైనా పట్టే 32 బిట్ ఫ్లోట్ ఫార్మాట్ ఉందన్న ధీమా పనికిరాదు. మైకు సిగ్నల్‌ని మొదట పెంచే ప్రీయాంప్‌లోనే చితికిన శబ్దాన్ని ఏ ఫార్మాటూ వెనక్కి తేలేదు.

హాలుకి కూడా మైకులు పెట్టాలి

ఇలా విడివిడిగా పట్టిన మల్టీట్రాక్ ఎంత శుభ్రంగా ఉన్నా హాలు లేకపోతే అది రిహార్సల్ గదిలో వాయించినట్టే ఉంటుంది. స్టేజీ అంచున కుడి ఎడమల జనం వైపు తిప్పి రెండు, మిక్సర్ దగ్గర స్టేజీ వైపు తిప్పి రెండు మైకులు కావాలి. మిక్సర్ దగ్గరి జంటకి 17 సెంటీమీటర్ల ఎడం, 110 డిగ్రీల కోణం ఇస్తే చాలా హాళ్ళలో నమ్మకంగా పనిచేస్తుంది. తలల మీదుగా కనీసం రెండున్నర మీటర్ల ఎత్తులో ఉండాలి. లేకపోతే పక్కనున్న మనిషి ఈలే మూడు గంటల పాటు వినాలి. వెనక గోడకి ఆనించకూడదు, అక్కడ బేస్ పోగుపడుతుంది. బాల్కనీ కింద అసలు వద్దు. ఈ నాలుగు మైకులూ పొరపాటున కూడా స్పీకర్లలోకి వెళ్ళకూడదు.

తర్వాత అసలు పని మొదలవుతుంది. మిక్సర్ స్పీకర్లకి 30 మీటర్ల దూరంలో ఉందనుకోండి. శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది కాబట్టి స్టేజీ మీద కొట్టిన స్నేర్ డ్రమ్ము దెబ్బ ఆ మైకులకి 87 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 4,200 శాంపిళ్ళు. సరిచెయ్యకుండా కలిపితే ప్రతి దెబ్బ వెనకా ఇంకో దెబ్బ. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే స్నేర్ మైకు ట్రాక్‌లో గోడలా నిటారుగా లేచిన గీత, కొంచెం కుడివైపు హాలు ట్రాక్‌లో అదే దెబ్బ చెదిరిపోయిన గడ్డిమేటులా కనిపిస్తాయి. హాలు ట్రాక్‌ని ఎడమకి జరుపుతూ ఆ మేటు మొదటి పోచని గోడ మొదలుతో కలపాలి. పక్కనున్న ఎత్తైన దిబ్బతో కలపకూడదు, అది గోడకి తగిలి వచ్చిన ప్రతిధ్వని. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. కలిపాక ‘స’, ‘ష’ లాంటి అక్షరాల దగ్గర వినండి. శబ్దం గొట్టంలోంచి వస్తున్నట్టుంటే ఇంకా కుదరలేదని అర్థం.

హాలు మైకుల్ని వేరే రికార్డర్‌లో పడితే ఇంకో చిక్కు. రెండు యంత్రాల గడియారాలూ ఒక్క వేగంతో నడవవు. పది లక్షలకి 20 వంతుల తేడా ఉన్నా గంటకి 72 మిల్లీసెకన్లు, మూడు గంటలకి 216. మొదటి పాటలో అచ్చంగా కుదిరింది చివరి పాటకి విడిపోతుంది. మొదట్లో ఒక దెబ్బ, చివర్లో ఒక దెబ్బ గుర్తుపెట్టుకుని ఆ నిష్పత్తిలో ఒక ట్రాక్‌ని సాగదియ్యాలి. బహిరంగ కచేరీ అయితే గాలి కూడా మారుతుంది. సాయంత్రం 30 డిగ్రీలున్నది అర్ధరాత్రికి 20కి దిగితే ఆ 30 మీటర్లకే ఒకటిన్నర మిల్లీసెకను జరుగుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, కింగ్ గిజర్డ్ 2025లో వాయించిన చోట్లు చూడండి. లిథువేనియాలోని విల్నియస్‌లో పాత లుకిష్కేస్ జైలు ఆవరణ, బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో రోమన్ల కాలం నాటి థియేటర్. ఇటుక గోడల మధ్య వాయించిన పాట, రాతి మెట్ల ముందు వాయించిన పాట ఒకేలా వినిపిస్తే రికార్డింగులో ఏదో పారేసినట్టే.

హాలు ట్రాక్‌ని పాట నడుస్తున్నంతసేపూ పది, పన్నెండు డెసిబెల్స్ కింద ఉంచి, 150 హెర్ట్జ్ కింద కోసేస్తే బురద పోయి ఊపిరి మిగులుతుంది. పాట అవగానే దాన్ని పైకి లేపడం మాత్రం నాకు నచ్చని పని. చాలా లైవ్ ఆల్బమ్‌లలో చప్పట్లు ఒక్కసారి విరుచుకుపడి, తర్వాతి పాట మొదలవగానే మాయమవుతాయి. అక్కడ వినిపించేది జనం కాదు, ఫేడర్ మీద చెయ్యి.

దిద్దుబాటు ఎక్కడ ఆగాలి

లైవ్ ఆల్బమ్‌ల చరిత్రలో దిద్దుబాటు ఎప్పుడూ ఉంది. థిన్ లిజ్జీ అనే రాక్ బ్యాండు 1978 నాటి ‘లైవ్ అండ్ డేంజరస్’ గురించి తగవు ఇంకా తెగలేదు. నిర్మాత టోనీ విస్కాంటీ ఎక్కువ భాగం స్టూడియోలో మళ్ళీ పట్టిందే అన్నాడు, బ్యాండు వాళ్ళు కాదన్నారు. విని ఆనందించడానికి ఆ తగవు అడ్డం కాదు. కానీ ఆ పాట ఆ రాత్రి ఎలా నడిచిందో తెలుసుకుందామంటే ఆ రికార్డు సాక్ష్యానికి నిలబడదు.

దిద్దితే దొరికిపోవడం కూడా తప్పదు. గాయకుడి మైకులోకి వెనకనున్న సింబళ్ళ మోత కూడా వస్తుంది. అపశ్రుతి పడిన చోట గొంతుని పిచ్ కరెక్షన్‌తో పైకి లాగితే సింబళ్ళ మోత కూడా దానితో పాటు లేస్తుంది. ఆ రెండు సెకన్లు పళ్ళెం తిరుగుతున్నట్టు ఒక సుళ్ళు శబ్దం. పోనీ గొంతు మొత్తం స్టూడియోలో మళ్ళీ పాడించి పెడదామంటే, పాత గొంతు డ్రమ్ మైకుల్లోకి ఎప్పుడో చేరిపోయింది. కొత్త గొంతు వెనక పాత గొంతు దెయ్యంలా పలుకుతూనే ఉంటుంది.

50 హెర్ట్జ్ హమ్ తీసెయ్యండి, అమెరికాలో అయితే 60. కేబుల్ చిటపటలు తీసెయ్యండి. ఒక చరణం మధ్యలో గొంతు మైకు చచ్చిపోతే? ఇది నిజంగా ఆలోచించాల్సిన చోటు. ముందురోజు రాత్రి పాడిన చరణం తెచ్చి అతికిస్తే ఎవరికీ తెలియదు, టెంపో దగ్గరగా ఉంటే అసలు తెలియదు. అయినా వద్దంటాను. ఆ చరణం వరకూ హాలు మైకుల్లో పడ్డ గొంతుని పైకి తేవాలి. దూరంగా, మసకగా ఉంటుంది. ఫలానా నిమిషం నుంచి ఫలానా నిమిషం దాకా హాలు మైకు అని వివరాల్లో రాసెయ్యాలి. కచేరీలు టేపు చేసుకునేవాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్న పద్ధతి ఇదే, ఇంతకన్నా మంచిది ఇంకా రాలేదు.

చెడ్డ రాత్రి ఎవరిది?

దీనికి గట్టి ఎదురుమాట ఉంది. జ్వరంతో పాడిన రాత్రి, చేతులు కుదరని రాత్రి శాశ్వతంగా నిలవాలా? మర్చిపోయే హక్కు వాయించేవాళ్ళకి లేదా? ఉంది. బయట పెట్టాలా వద్దా అన్నది బ్యాండు ఇష్టం, నేను అడుగుతున్నది పెడితే మొత్తం పెట్టమని. కానీ ఫుగాజీ చేసింది చూశాక ఆ భయం అనుకున్నంత పెద్దది కాదనిపిస్తుంది. వాషింగ్టన్ డీసీలో 1987లో మొదలై 2002 దాకా వెయ్యికి పైగా కచేరీలు వాయించిన బ్యాండు. టికెట్ అయిదు డాలర్లే ఉండాలని పట్టుబట్టిన మనుషులు. తమ సౌండ్ ఇంజినీర్లు మొదట క్యాసెట్ల మీద, తర్వాత డాట్ అనే డిజిటల్ టేపుల మీద పట్టిన 800కి పైగా రికార్డింగులని 2011 డిసెంబరు నుంచి విడతలుగా డిస్కార్డ్ (Dischord) అనే రికార్డు కంపెనీ ద్వారా విడుదల చేశారు. ధర అయిదు డాలర్లన్నారు, కొనేవాళ్ళు ఒక డాలరు నుంచి వంద దాకా ఎంతైనా ఇవ్వొచ్చన్నారు.

వాటిలో గరుకు టేపులున్నాయి, తెగిన తీగలున్నాయి. ముందు వరసలో ఒకరినొకరు కుమ్ముకుంటుంటే పాట ఆపి, అలా చేస్తున్నవాడితో మాట్లాడిన నిమిషాలున్నాయి. ఆ మాటలు కోసేస్తే పాటలు మాత్రం ఉంటాయి. ఆ బ్యాండు ఏ విలువ కోసం నిలబడిందో ఆ ముక్క పోతుంది. చెడ్డ రాత్రులు బయటికి వచ్చినందువల్ల ఫుగాజీ పేరు తగ్గిన దాఖలా ఎక్కడా లేదు.

మన దేశంలో ఇండియన్ ఓషన్ 1997 జనవరి 1న ఢిల్లీ మండీ హౌస్ దగ్గర కళాకారుల సంస్థ సహమత్ సభలో వాయించినదే ‘డెసర్ట్ రెయిన్’ ఆల్బమ్ అయింది. ఆ పాటల్ని కచేరీలోనే మొదట విన్న శ్రోతలు దాన్ని కొసరుగా చూడలేదు.

ఇన్ని రికార్డింగులు ఎవరు వింటారన్న ప్రశ్న కూడా వస్తుంది. అన్నీ ఎవరూ వినరు, వినక్కర్లేదు. ఒక్క పాట పట్టుకోండి. ఆల్బమ్‌లో ఒకసారి, టూర్ మొదటి వారంలో ఒకసారి, చివరి వారంలో ఒకసారి. టెంపో ఎంత పెరిగిందో, మధ్యలో వాయింపు ఎంత పొడుగైందో, ఏ చరణం రాలిపోయిందో గమనించండి. గంట చాలు. కింగ్ గిజర్డ్ 2022లో అమెరికాలోని రెడ్ రాక్స్ ఆరుబయట రంగస్థలంలో మూడు రాత్రులు, రాత్రికి మూడు గంటల చొప్పున, ఒక్క పాట కూడా తిరిగి రాకుండా వాయించింది. అలాంటివాళ్ళ పాటకి ఒక్క స్టూడియో రూపమే ప్రమాణం అనడం కుదరదు.

అయినా ‘ఫాంటమ్ ఐలండ్’ దగ్గరే నా వాదన కొంచెం తడబడుతుందని ఒప్పుకోవాలి. ఆ ఆల్బమ్‌లో ఆర్కెస్ట్రా బ్యాండు వాయింపు మీద తర్వాత చేరింది, అందుకే వయొలిన్లు శుభ్రంగా ఉన్నాయి. 2025 వేసవిలో అమెరికాలో ఊరికో ఆర్కెస్ట్రాని పక్కన పెట్టుకుని వాయించారు. స్టేజీ మీద అది వేరే యుద్ధం. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ ఫీడ్‌బ్యాక్ (మైకు కూత) రాకముందు దొరికే గెయిన్ మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. నాలుగు మైకులు 32 అయితే తొమ్మిది డెసిబెల్స్ పోయినట్టే. వయొలిన్‌కి తగిలించిన చిన్న మైకులో వయొలిన్ కన్నా వెనకనున్న డ్రమ్స్ ఎక్కువ వినబడే సందర్భాలుంటాయి. పైగా ముందు స్వరపత్రం, కండక్టర్ ఉన్నప్పుడు పాటని ఇష్టమొచ్చినట్టు సాగదియ్యడానికి లేదు. ఇలాంటి పాటలకి స్టూడియో రూపమే నిండుగా ఉంటుంది. నేను కచేరీ రికార్డింగులో వెతికేది ఇంకొకటి. ఆర్కెస్ట్రా లేని రాత్రి, ఆరుగురే వాయించినప్పుడు, ఆ పది పాటల్లో ఏవి తమ కాళ్ళ మీద నిలబడతాయి, ఏవి ఒరుగుతాయి? ఆ సంగతి ఆల్బమ్ చెప్పలేదు.

కోత దగ్గర జరిగే నష్టం

కింగ్ గిజర్డ్ చాలా రికార్డింగుల మాస్టర్ ఫైళ్ళని ఎవరైనా ముద్రించుకోవచ్చని వదిలేసింది. కొన్ని కాపీలు తమకి పంపాలన్నదే షరతు. మంచి పని, అయితే ఎల్‌పీ మీదికి ఎక్కించేటప్పుడు మూడు గంటల కచేరీకి ఏదో ఒక గాయం తప్పదు. పక్కకి 22 నిమిషాలు అనుకుంటే తొమ్మిది పక్కలు, అంటే అయిదు ప్లేట్లు. ఎక్కడో ఒక పాట నడుమ విరుగుతుంది. ఒకదాంట్లోంచి ఒకటి పుట్టే పాటలు వాయించే బ్యాండుకి డౌన్‌లోడే మేలు. అదీ శబ్దం ఏమీ పోగొట్టని ఫ్లాక్ ఫార్మాట్‌లో. ఎంపీ3 ఎన్‌కోడర్ ఫైలు మొదట్లోనూ చివర్లోనూ కొంచెం ఖాళీ చేరుస్తుంది, కొన్ని ప్లేయర్లలో పాటకీ పాటకీ మధ్య చిన్న ఎక్కిలి పడుతుంది. సీడీకి కోసేవాళ్ళు ప్రతి కోతా 588 శాంపిళ్ళ గుణిజం మీద పడేలా చూసుకోవాలి, లేకపోతే అక్కడ టిక్కుమంటుంది.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో సొంత పాటలు కట్టుకునే చిన్న బ్యాండుకి ఇదంతా పెద్ద ఖర్చేమీ కాదు. రెండు మైకులు, రెండు లైన్ ఇన్‌పుట్లు ఉన్న నాలుగు ట్రాకుల చేతి రికార్డర్ ఒకటి చాలు. బోర్డు నుంచి రెండు తీగలు, హాలు నుంచి రెండు మైకులు ఒకే గడియారం మీద పడతాయి కాబట్టి గంటకి 72 మిల్లీసెకన్ల గొడవ ఉండదు, మొదట ఒక్కసారి జరిపితే అయిపోతుంది. బోర్డు నుంచి వచ్చే తీగని మైకు ఇన్‌పుట్‌లో గుచ్చకుండా చూసుకోవాలి, లైన్ లెవెల్ దెబ్బకి మొదటి పాటే చితికిపోతుంది. కొత్త బ్యాటరీలు, ఖాళీ కార్డు. రికార్డు బటన్ నొక్కాక అంకెలు పరిగెడుతున్నాయో లేదో కళ్ళతో చూడాలి, ఎర్ర దీపం వెలిగితే సరిపోదు.

కోసేటప్పుడు ట్రాక్ గుర్తుని డ్రమ్మర్ పుల్లలతో లెక్క కొట్టేదానికి ముందు పెట్టాలి, ఆ తర్వాత కాదు. శ్రుతి చేసుకునే తీగల చప్పుడు, మధ్య మాటలు వెనకటి పాట చివర్లో ఉండనివ్వాలి. ఆఖరి పాట తర్వాత చప్పట్లని పది సెకన్లకే ముంచెయ్యకండి. జనం అరుపులు సన్నబడి, హాలు వాళ్ళు వేసే పాట దూరంగా మొదలై, స్టేజీ మీద ఎవరో గిటార్‌లోంచి జాక్ పీకిన ‘టప్’ వినబడేదాకా టేపు తిరగనివ్వండి.